బొటనవేలు అందినంత మేర

"ఉప్మా చాలా బాగుంది. దయచేసి మరికొంచెం వడ్డించగలరు."

ఆ మాట అన్నది నేను కాదు. నా చక్రాల కుర్చీకి ఎడమ వైపు బిగించిన ట్యాబ్లెట్టు, నా గొంతుతో అంది. మా ఆయన గౌరునాయుడు చేసిన ఉప్మా అది. అడుగంటింది, ఉప్పు లేదు, పచ్చి అల్లం పంటికింద పడుతోంది. నేను అనబోయింది ఒక్కటే, వద్దు అని. ఆయన మొహం చాటంత చేసుకుని మరో గరిటె వేశారు.

"చూసేవా! నా వంట నీకు నచ్చడం పెళ్ళయ్యాక ఇదే మొదలు," అన్నారు.

మళ్ళీ నొక్కాను, వేలు నొప్పెట్టేలా. "అలాగే. మీ సహకారానికి ధన్యవాదాలు," అంది ట్యాబ్లెట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట మీదే రెండో గరిటె కూడా నోట్లోకి వచ్చింది.

నా పేరు భ్రమరాంబ. విజయనగరం బస్సు కాంప్లెక్సులో ఏళ్ల తరబడి అనౌన్సరుగా పనిచేశాను. మైకు ముందు నా గొంతు తేనె. మైకు కట్టేశాక మాత్రం నా నోరు మంచిది కాదు. పాలవాడికి తెలుసు, పక్కింటివాళ్ళకి తెలుసు, మా ఆయనకి అందరికన్నా బాగా తెలుసు. నాకు కావలసింది అడిగేదాన్ని, వద్దన్నది వద్దనేదాన్ని. దానికి నేనేమీ సిగ్గుపడలేదు.

మొదటిసారి పక్షవాతం వచ్చి కుడివైపునీ మాటనీ పట్టుకుపోయింది. రెండోసారి వచ్చి, మిగిలినదాంట్లో ఎడమచేతి బొటనవేలొక్కటి వదిలింది. తల ఊపచ్చు కదా అనుకుంటారేమో. నా మెడ ఆ రోజు నుంచీ దానంతటదే అడ్డంగా ఊగుతూ ఉంటుంది, నిద్రలో కూడా. అందుకని దాన్నెవరూ లెక్కచెయ్యరు. రెప్పలూ నా మాట వినవు. ఏడిస్తే, ఇలాంటి రోగులు కారణం లేకుండా ఏడుస్తారని డాక్టర్లు ముందే మావాళ్ళకి చెప్పి ఉంచారు. కాబట్టి నా ఏడుపూ చెల్లదు.

మా తమ్ముడు చక్రధర్‌కి విశాఖపట్నంలో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది. నాకు మాట పోయినప్పుడు వాడే ఫోన్లో ఒక యాప్ తయారు చేసి తెచ్చాడు. పేరు 'పలుకు'. తెర నిండా అగ్గిపెట్టెలంత గళ్ళు. నీళ్ళు, నొప్పి, ఫ్యాను, బాత్రూం, ఇలాగ. వెనక పేజీలో అక్షరాలు కూడా ఉంటాయి, ఓపిక ఉంటే ఒక్కొక్కటే కూర్చుకోవచ్చు. ఒక్క వేలే మిగిలాక ఫోనుని పట్టీతో నా అరచేతికి కట్టాడు. బొటనవేలు వాలిస్తే సరిగ్గా పడే చోట 'వద్దు' పెట్టాడు. అక్క సంగతి వాడికి తెలుసు. గడి నొక్కితే ఫోను కప్ప బెకబెకమన్నట్టు "వద్దు" అనేది. ఆ గొంతు దరిద్రంగా ఉండేది గానీ నేను అన్నదే అనేది. రోజూ దబదబా బాది ఆ మూల తెరంతా గీతలు పెట్టేశాను. చెప్పాలంటే ఆ రోజుల్లో నేను బాగానే బతికాను.

తరవాత ఆ యాప్ కొంటామని వచ్చిన ఆస్పత్రులవాళ్ళు పెద్ద తెర కావాలన్నారు. మంచం దగ్గర నిలబడ్డ నర్సుకీ డాక్టరుకీ దూరం నుంచే కనపడాలిట. తమ్ముడు అదే యాప్‌ని తీసుకెళ్ళి ట్యాబ్లెట్టులో పెట్టాడు. చిన్నపిల్లాడి చొక్కా సాగదీసి తండ్రికి తొడిగినట్టు ఉంది. అగ్గిపెట్టెలంత గళ్ళు అప్పడాలంత అయ్యాయి, మధ్యలో బోలెడు ఖాళీ. ట్యాబ్లెట్టు అరచేతిలో ఇమడదు గనక స్టాండుకి బిగించారు. నా వేలికి కింద ఎడమ మూల మాత్రమే అందుతుంది. 'వద్దు' జానెడు దూరం పోయింది. ఆ జానెడు దాటడం నావల్ల కాదు.

అప్పటికి ఫోను ఇంకా నా చేతికే ఉంది. అక్షరాలు కూర్చి చెప్పాను: 'ఇది చేతికి పనికిరాదు. గళ్ళు మళ్ళీ అమర్చు.'

"అప్పా, ఫోన్లో నడిచేదంతా ఇందులోనూ నడుస్తాది. కాస్త పెద్దదవుతాది, అంతే కదేటి," అన్నాడు తమ్ముడు. అక్కని అప్పా అనే పిలుస్తాడు వాడు.

'నడవడం వేరు, నాకు అందడం వేరు.'

"ప్రతి సైజుకీ కొత్తగా రాసుకుంటూ కూచుంటే నా జన్మ చాలదప్పా! వేరే దారి చూస్తాను."

చూశాడు. దాని పేరు 'అనువు'. గడి దగ్గరికి వేలు వెళ్ళలేకపోతే గడినే వేలి కిందికి తెస్తుంది అది. కెమెరా నా కళ్ళని చూస్తుంది, మైకు నా ఊపిరి వింటుంది, తెర నా వేలి వణుకు పట్టుకుంటుంది. నేనేం అనబోతున్నానో ముందే ఊహించి, ఆ మాటని వాక్యంగా అల్లి, ఎడమ మూలలో పెడుతుంది. నేను నొక్కితే చాలు. ఎంత గట్టిగా నొక్కితే ఆ మాట నాకు అంత గట్టిగా కావాలన్నమాట.

ఊహించాలంటే మనిషి తెలియాలి. నన్ను దానికి తెలియజెయ్యడానికి తమ్ముడు ఎక్కడెక్కడో వెతికి, కాంప్లెక్సులో దాచిన నా పాత రికార్డింగులన్నీ సంపాదించాడు. ప్రయాణికులకు విజ్ఞప్తి. దయచేసి క్యూలో నిలబడండి. మీ సహకారానికి ధన్యవాదాలు. పెళ్ళాం తిడుతుంటే రికార్డు చేసుకునే మొగుడు ఎక్కడైనా ఉంటాడా? ఇంట్లో నేను మాట్లాడిన మాట ఒక్కటీ ఎక్కడా లేదు. ఇంకేముంది, దయచేసి, తప్పకుండా, అలాగే తప్ప వేరే మాట ఎరగని మహాతల్లిని ఒకత్తెను తయారుచేసి, అదే భ్రమరాంబ అనుకుంది ఆ యంత్రం.

కోపం వస్తే బాదడం నా అలవాటు. వద్దని నేను బాదుతుంటే ఎడమ మూలలో ఉన్నది 'అలాగే'. ఎంత కోపమొస్తే అంత గట్టిగా ఒప్పుకుంటున్నాను నేను.

"గొంతు అదిరిపోయిందప్పా," అన్నాడు తమ్ముడు ట్యాబ్లెట్టులో 'అనువు' పెట్టిన రోజున. ఫోను పట్టీ విప్పి మా ఆయన చేతికిచ్చేశాడు. "ఆస్పత్రిలో రోగులందరికీ నీ గొంతే పెడతన్నాను. అంత తియ్యగా ఉంది."

* * *

వాడి ఆఫీసుకి నన్ను తీసుకెళ్ళింది కొత్త సంగతి ఒకటి చెప్పడానికి. మేడ మీద పొడుగాటి గది, బల్లల నిండా విప్పేసిన ట్యాబ్లెట్లు. కిటికీలోంచి చేపల కంపు వస్తోంది. డాక్టర్ పట్నాయక్ అని మెదడు ఆపరేషన్లు చేసే పెద్దమనిషి అక్కడ కూచుని ఉన్నాడు. ఆయన అరచేతిలో మిరియపు గింజంత పూస ఒకటుంది.

"భ్రమరాంబగారూ, ఈ పూసని చెవి వెనక ఎముక కింద అమరుస్తాం. మీరు అనుకున్నది నేరుగా ట్యాబ్లెట్టుకి వెళ్తుంది. ఇంక వేలితో పని లేదు," అన్నాడాయన. నేను చెవిటిదాన్నన్నట్టు ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

"ఆ వేలు కూడా పడిపోయే ప్రమాదం కొంచెం ఉంది బావా. డాక్టరుగారు ముందే చెప్పమన్నారు," అన్నాడు తమ్ముడు మా ఆయనతో. "అయినా అప్పుడు వేలెందుకు?"

మా ఆయన తల ఊపారు. వింటున్నారో లేదో తెలియదు. కిటికీలోంచి కింద చేపల బేరం చూస్తున్నారు.

ఆ వేలొక్కటే నాది. దాని కిందికి మాటలు తెచ్చే యంత్రం ఇప్పటికే అబద్ధాలు చెబుతోంది, ఇంక వేలు కూడా లేకపోతే నేను లోపల ఉన్నానని చెప్పడానికి ఏమీ మిగలదు. తెర వెనక ఆ మర్యాదస్తురాలు కూచుని అందరితోనూ ఊఁ కొడుతూ ఉంటుంది, నేను కుళ్ళిపోతూ ఉంటాను.

"మీకు సమ్మతమేనా అమ్మా?" అన్నాడు పట్నాయక్. తమ్ముడు వీడియో తియ్యడం మొదలుపెట్టాడు.

నొక్కకూడదు అనుకున్నాను. కానీ కోపం వేలిని ఊరుకోనివ్వలేదు. వేలు తెర మీద కొట్టుకుంది, పడింది, మళ్ళీ కొట్టుకుంది.

"తప్పకుండా. తప్పకుండా. తప్పకుండా. మీ సహకారానికి ధన్యవాదాలు."

"ఎంత ఆత్రమో చూడండి!" అన్నాడు డాక్టరు. తమ్ముడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి. వాడు వచ్చి నా కళ్ళు తుడిచి, "సంతోషం వచ్చినా ఏడుస్తాది పాపం," అన్నాడు. వాడి చెయ్యి కొరుకుదామన్నంత కసి పుట్టింది నాకు, పళ్ళు కలవలేదు.

అప్పుడే కింద వీధిలో బస్సు హారన్ గట్టిగా మోగింది. ఆ చప్పుడు వింటే నాకు పాత అలవాటు. మైకు మీట నొక్కబోయే ముందు ముక్కుతో చిన్నగా, గబుక్కున ఒక ఊపిరి తీసుకునేదాన్ని. అది ఇప్పుడూ వచ్చేసింది. చటుక్కున ఎడమ మూలలో 'అలాగే' మాయమై, దాని చోట నాలుగు చిన్న గళ్ళు లేచాయి. వచ్చినది, బయలుదేరుతున్నది, ఆలస్యం, రద్దు. నా వేలు దేని మీదో పడింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. సాలూరు వెళ్ళవలసిన బస్సు బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది."

గదిలో అందరూ నవ్వారు. "ఆ ఊపిరి ప్రతి రికార్డింగులోనూ ముందుందండి. అది వినపడితే అనౌన్సుమెంటు అనుకుంటాది. నాలుగింట్లో ఏదో తెలీక నాలుగూ తెచ్చి వేలి కింద పెడతాది," అన్నాడు తమ్ముడు సంజాయిషీగా. "ఆపరేషన్ అయ్యాక అదంతా తీసేస్తాను లెండి. చెత్త."

వాళ్ళకి చెత్త అనిపించినదాన్ని నేను మాత్రం మరిచిపోలేదు. నవ్విన మొహాలన్నీ కూడా గుర్తుపెట్టుకున్నాను.

* * *

ఇంటికొచ్చాక నా మీద దుప్పటి కప్పుతూ మా ఆయన ఆగిపోయారు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూచున్నారు.

"నాకు తెలుసే, అది నువ్వు కాదు," అన్నారు.

నా మెడ ఊగుతూనే ఉంది. కళ్ళు మాత్రం ఆయన మీదే పెట్టాను.

"నువ్వు నా ఉప్మా బాగుందంటావేటి? చస్తే అనవు. మొదట్రోజే తెలిసిపోయింది నాకు." ఆయన తువ్వాలు మడత పెడుతూ, విప్పుతూ మాట్లాడారు. "స్తంభాలెక్కి కరెంటు పని చేసి ఇంటికొస్తే ఏనాడైనా కూచోమన్నావా? కాళ్ళు కడుక్కోలేదని అరిచేదానివి. ఇప్పుడు చెంచాడు నీళ్ళు పోస్తే ధన్యవాదాలంటంది. నీ గొంతే. కళ్ళు మూసుకుంటే నువ్వే. నాకూ వయసైపోతంది భ్రమరా, ఒక మంచి మాట వినాలని నాకుండదా?"

నాకు వచ్చిన అసహ్యం ఇంతా అంతా కాదు. దానితో పాటే ఇంకోటి కూడా వచ్చింది, జాలి లాంటిది. దాని మీద ఇంకా కోపమొచ్చింది. నేను బతికుండగా నా బదులు నా గొంతుతో కాపరం చేస్తున్నాడా ఈ మనిషి! ఆపరేషన్ కాయితాల మీద సంతకం పెట్టేశారట కూడా. వేలు లేచి పడింది.

"అలాగే. మీ ఇష్టప్రకారమే కానివ్వండి," అంది ట్యాబ్లెట్టు.

ఆయన తల వంచుకుని వినేశారు. వింటూ నా మొహం వైపు చూడలేదు.

ఆ మర్నాటి నుంచీ నేను బాదడం మానేశాను. మా ఆయనా తమ్ముడూ నేను మెత్తబడ్డాననుకున్నారు. ఆయన వంటింట్లోకి వెళ్ళినప్పుడు, వీధి తలుపు మూసినప్పుడు, నేను ఊపిరి సాధన చేశాను. పక్షవాతం వచ్చిన ముక్కు కదా, పదిసార్లు ప్రయత్నిస్తే ఒకసారి కుదిరేది. కుదిరినప్పుడు నాలుగు గళ్ళూ లేచేవి. వాటిని నొక్కకుండా చూసి వదిలేసేదాన్ని. నొక్కితే తమ్ముడికి తెలుస్తుంది, ముందే తీసేస్తాడు.

* * *

ఆస్పత్రిలో నాకు తల గొరిగారు. ఆపరేషన్ గది బయట చిన్న గదిలోకి తోసుకెళ్ళారు. పచ్చ బట్టల్లో పట్నాయక్, చేతిలో కెమెరాతో తమ్ముడు, గోడవార బల్ల మీద మా ఆయన. మా ఆయన ఫోనులో పేకాట ఆడుకుంటున్నారు. ఆయన ఫోను చెడిపోయిందని నా ఫోనే వాడుకుంటున్నారు. మూలన నా గీతలు నాకు ఇక్కణ్ణుంచే కనపడుతున్నాయి.

"ఆఖరిసారి అడుగుతాం, రూలు. భ్రమరాంబగారూ, మీకు సమ్మతమేనా?"

ఎడమ మూలలో 'తప్పకుండా' తయారుగా ఉంది. వేలు దాని మీదే వణుకుతోంది. కోపం తెచ్చుకోకూడదు. కోపం వస్తే చచ్చినట్టే. గోడ గడియారం వంక చూశాను. గాజు కిటికీ అవతల జనం, నా ముందు మైకు, మీట మీద నా వేలు, అంతా గుర్తుచేసుకున్నాను. ఊపిరి తీశాను. కుదరలేదు.

"కంగారు పడకండి," అన్నాడు డాక్టరు.

మళ్ళీ తీశాను. గుర్రుమంది గొంతు. 'తప్పకుండా' అక్కడే ఉంది. తమ్ముడు వంగి, "నొక్కప్పా, భయమేటి," అన్నాడు. వాడి చెయ్యి నా వేలి మీదికి వస్తోంది. ఒరే, ముట్టుకోకు!

మూడోసారి ఊపిరి గబుక్కున ముక్కులోకి దూరింది. నాలుగు గళ్ళు లేచాయి. నాలుగో దాని మీద వేలు వాల్చాను.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. పార్వతీపురం వెళ్ళవలసిన బస్సు రద్దు చేయబడినది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

తమ్ముడు నాలిక కరుచుకున్నాడు. "సారీ డాక్టరుగారూ, ఆ చెత్తే. మొన్నటి సమ్మతి వీడియో ఎలాగూ ఉంది కదా, కానిద్దాం."

ఊపిరి. వేలు. "పార్వతీపురం వెళ్ళవలసిన బస్సు రద్దు చేయబడినది."

"కట్టేయండి దాన్ని," అన్నాడు పట్నాయక్ విసుగ్గా. తమ్ముడు మీట కోసం తడుముతున్నాడు. ఊపిరి. వేలు. "రద్దు చేయబడినది."

మా ఆయన పేకాట ఆపి తలెత్తారు.

పెళ్ళయిన కొత్తలో నాకు క్యారేజీ తెచ్చి ప్లాట్‌ఫారం బల్ల మీద కూచునేవారాయన. రద్దు అన్నానంటే జనం నా కిటికీ మీద పడి తిట్టేవాళ్ళు. అందుకని ఆ ఒక్క అనౌన్సుమెంటూ నేను ఒక్కసారే చెప్పి, కిటికీ తలుపు వేసేసుకునేదాన్ని. మూడుసార్లు ఏనాడూ చెప్పలేదు. ఆ సంగతి ఈ గదిలో ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు.

"ఆగండి," అన్నారు మా ఆయన.

"బావా, అది తప్పు పలికింది..."

"ఆవిడ వద్దంటంది."

"అలాగని ఎక్కడుంది బావా? పాత రికార్డింగు కదా అది!"

"ఒరే చక్రధరూ, ఆ ముండ యంత్రం సంగతి నీకు తెలుసు. దీని సంగతి నాకు తెలుసు. ఇన్నేళ్ళు దీని వద్దుతోటి కాపరం చేసేను నేను." ఆయన లేచి వచ్చారు. ట్యాబ్లెట్టు స్క్రూలు విప్పుదామని చూసి, అవి రాకపోతే, స్టాండుతో సహా పెరికి కింద పడేశారు. నా చెయ్యి తెరిచి ఫోను అందులో పెట్టి, పట్టీ లేదు గనక తన చేత్తోనే కింద నుంచి పట్టుకున్నారు. పలుకు యాప్ తెరిచారు. ఆయన చెయ్యి చెమటతో తడిగా ఉంది.

"ఇప్పుడు చెప్పు," అన్నారు. ఆయన గొంతు ఏమీ బాగోలేదు. ఏం పోగొట్టుకుంటున్నారో ఆయనకి తెలుసు.

వేలు వాల్చాను. "వద్దు," అంది కప్ప.

మళ్ళీ. వద్దు. వద్దు. వద్దు. డాక్టరు మొహానికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు వీడియో ఆపేశాడు. వాడు నాకు క్షమాపణ చెబుతాడేమోనని చూశాను. వాడు కింద పడ్డ ట్యాబ్లెట్టు తెర పగిలిందేమోనని వంగి చూసుకుంటున్నాడు.

మా ఆయన కుర్చీ తిప్పారు. వరండాలోకి వచ్చాం. ఒక చేత్తో కుర్చీ తోస్తూ, ఇంకో చేత్తో నా ఫోను పట్టుకుని, వంగి నడుస్తూ ఆయన గొణుక్కుంటున్నారు. "ఇంక రేపట్నుంచి నా ఉప్మా గతి అంతే," అన్నారు. అవును, అంతే అనుకున్నాను. ఆయన మీద నా కోపం చల్లారలేదు, ఇప్పటికీ చల్లారలేదు.

వార్డు తలుపు తెరిచి ఉంది. అక్కణ్ణుంచి నా గొంతు వినపడింది.

"తప్పకుండా. దయచేసి కానివ్వండి. మీ సహకారానికి ధన్యవాదాలు."

కుర్చీ గుమ్మం ముందుకి వచ్చింది. లోపల మంచం మీద ఒక ముసలాయన. ఎవరో నాకు తెలియదు. తల గొరిగి ఉంది. ఆయన పక్కన అదే ట్యాబ్లెట్టు, అదే స్టాండు. కొడుకులు కాబోలు, ఇద్దరు నిలబడి సంబరంగా వింటున్నారు. "నాన్న ఎంత మర్యాదగా మాట్లాడుతున్నాడో చూడు," అంటున్నాడు ఒకడు. ఆయన బొటనవేలు ఎడమ మూలలో తెరని బాదుతోంది. దబదబా, గోరు విరిగేలా బాదుతోంది. "తప్పకుండా. తప్పకుండా. తప్పకుండా," అంటున్నాను నేను.

ఫోను నొక్కాను. "వద్దు."

మా ఆయన ఉలిక్కిపడి ఆగారు. "ఏటే? ఇంటికే కదా వెళ్తన్నాం."

వద్దు.

అప్పుడు ఆయనా లోపలికి చూశారు. చాలాసేపు ఆ వేలి వంక చూశారు. కుర్చీని గుమ్మంలోకి తోసి, బ్రేకు వేసి, ఫోను సౌండు ఆఖరుదాకా పెంచి, నా వేలి కింద పట్టుకున్నారు. కొడుకులు వెనక్కి తిరిగి చూశారు. నర్సు లేచింది. ముసలాయన కళ్ళు నా వైపు తిరిగాయి, ఆయన వేలు ఆగింది.

నేను ఆపలేదు. ఎవరో వచ్చి ఆ ట్యాబ్లెట్టు తీసేదాకా నొక్కుతూనే ఉన్నాను.